బాబాయి సర్వీసు

నిన్న మోకాలికి వ్యాయామం చేయించే అమ్మాయి, "కాలు బానే ఉందండీ, మీరే దాన్ని నమ్మట్లేదు" అంది. ఈ మాట వినీ వినీ అలిసిపోయాను. కళ్ళు మూసుకుంటే మా బాబాయి గుర్తొచ్చాడు.

తొంభైల్లో కొవ్వూరు దగ్గర మా ఊళ్ళో వాలీబాల్ అంటే ఆయనే. సాయంత్రం కాలవ గట్టు పక్కన ఒంటరిగా సర్వీసు చేస్తే, బంతి ఆయన అనుకున్న చోటే పడేది. మ్యాచ్ రోజు మాత్రం నెట్‌లో పడేది. మా ఊరి మర్యాద అలాంటిది మరి. ఆటకి ముందు ప్రతి ఇంటివాళ్ళూ వచ్చి, "అంతా మీ మీదే ఉందండీ" అని చెప్పిగానీ కదిలేవారు కాదు. పైగా ఆటంతసేపూ ఆయన పేరు పెట్టి ఒకటే అరుపులు. ఓడి ఇంటికొస్తే నాన్నమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసేది. ఘాటు రాకపోతే, ఎంత దిష్టి తగిలిందో అని కళ్ళొత్తుకునేది. ఆ మిరపకాయలు ఏనాటివో మాత్రం ఎవరూ అడిగేవారు కాదు.

ఒక ఏడు రాజమండ్రిలో సెలెక్షన్లు పెట్టారు. నెగ్గితే ఆటగాళ్ళ కోటాలో ఉద్యోగం. మరుసటేడు ఆయనకి వయసు దాటిపోతుంది. ఆట నేర్పే మాస్టారు ధవళేశ్వరం నుంచి వచ్చి, "వాడి చేతిలో లోపం లేదండీ. మీ అరుపులకి వాడి మనసు బిగుసుకుపోతోంది. ఆ రోజు ఎవరూ అరవకండి" అని తాతయ్యని బతిమాలారు. అసలు రావద్దనే మాస్టారి ఉద్దేశం. అంత మాట మొహం మీద అనలేకపోయారు.

మావాళ్ళు మాట నిలబెట్టుకున్నారు. మొక్కలు దింపి ఖాళీగా కడియం నర్సరీలకి పోతున్న లారీ మాట్లాడుకుని, తడి మట్టి వాసనలో ఊరంతా గోదారి వంతెన దాటాం. కోర్టు చుట్టూ నిలబడ్డాం. ఒక్కరు నోరు విప్పితే ఒట్టు. బాబాయి బంతి పట్టుకుని తలెత్తాడు. ఎప్పుడూ గోల చేసే మనుషులంతా చేతులు కట్టుకుని, ఊపిరి బిగబట్టి తననే చూస్తున్నారు. సర్వీసు చేశాడు. బంతి నెట్‌లో పడింది. తర్వాతదీ అంతే. ఉద్యోగం చెయ్యి జారిపోయింది.

తిరిగొస్తుంటే ఇంకో లారీలో బాబాయి, "ఇప్పుడన్నా ఎవరన్నా ఏదోటి అనండ్రా" అన్నాడు. అందరం గోదారి కేసి తలలు తిప్పుకున్నాం. తర్వాత ఆయన చేపల మేత కొట్టు పెట్టుకున్నాడు గానీ, బంతి మళ్ళీ ముట్టుకోలేదు.

ఓడితే మాత్రం మావాడివి కాకుండా పోతావా అన్న చిన్న మాట ఆ రోజు ఎవరికీ తట్టలేదు. నాకు ఇన్నేళ్ళకి తట్టింది. వినాల్సిన మనిషిని కాలం ఎప్పుడో తీసుకుపోయింది.