నా నాలుక మీద తెల్లపొడి

ఒక చిటికెడు తెల్లపొడి వల్ల యూనివర్సిటీలో ఇరవయ్యేళ్ళుగా పోగేసుకున్న నా పెద్దరికం ఒక్క పూటలో ఎలా మంటగలిసిందో చెబుతాను. నవ్వండి, ఫరవాలేదు. జాలిపడితేనే నాకు ఒళ్ళు మండుతుంది.

కొన్నేళ్ళ కిందటి మాట. అప్పుడూ ఇప్పుడూ నేను చెప్పేది చరిత్ర పాఠాలే. అప్పుడూ ఇప్పుడూ పిల్లలు నిద్రపోతూనే ఉన్నారు. ఆ వారం క్యాంపస్‌లో మత్తుమందుల మీద తల్లిదండ్రులకు అవగాహన సభ పెట్టారు. మాట్లాడేవాళ్ళు దొరక్క నన్ను వేదికెక్కించారు. ఇంటర్నెట్‌లో చదివిందంతా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను.

"మీ పిల్లలు గుసగుసగా ఫోన్లు మాట్లాడుతున్నారా? ఇంటికి ఆలస్యంగా వస్తున్నారా? అడిగితే విసుక్కుంటున్నారా? జాగ్రత్త!"

చప్పట్లు. శాలువా. ఆ శాలువాతోనే తార్నాకలో మా ఫ్లాటు మెట్లెక్కుతూ మధ్యలో ఆగిపోయాను. నేను చదివిన లక్షణాలన్నీ మా చైతన్యవే!

చైతన్య మా ఒక్కగానొక్క కొడుకు. అప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. ట్యూషన్ నుంచి రోజూ గంట ఆలస్యంగా వస్తున్నాడు. ఆ సాయంత్రం బాల్కనీలో ఫోన్ మాట్లాడుతుంటే తలుపు చాటున బల్లిలా అతుక్కుని విన్నాను.

"పౌడర్ అయిపోయింది కదరా, రేపు నేను తెస్తా. ఈసారి క్వీన్ నాదే, చెప్తున్నా. మా నాన్నకు తెలిస్తే చంపేస్తడు!"

పౌడర్! క్వీన్! అంటే ముఠా నాయకురాలు ఆడమనిషన్నమాట.

మర్నాడు పొద్దున వాడు స్నానానికి వెళ్ళగానే బ్యాగు తెరిచాను. అడుగున చిన్న ప్లాస్టిక్ కవర్లో తెల్లటి పొడి.

"వాడి బ్యాగు మీకెందుకండీ?" అంది మా ఆవిడ సుజాత, దోసెల గరిటెతో వచ్చి.

"ఇది చూడు!"

"ఏంటది? వాణ్ణే అడగరాదూ?"

"అడిగితే చెబుతాడా? విసుక్కుంటారని నిన్ననే వెయ్యిమందికి చెప్పాను!"

వచ్చింది నలభైమందే. ఆ సంగతి మనలోనే ఉండనివ్వండి.

సినిమాల్లో పోలీసు అధికారి ఇలాంటి పొడిని వేలికొసన అద్దుకుని, నాకి, గంభీరంగా తలాడిస్తాడు. నేనూ అద్దుకున్నాను, నాకాను, తలాడించాను. ఆ పోలీసుకు దాని రుచి ముందే తెలుసు, నాకు తెలియదు అన్న సంగతి వేలు నోట్లోంచి తీశాక తట్టింది.

గుండె దడదడ. చెవుల్లో హోరు.

"సుజాతా, నాకు ఎక్కుతోందే! గోడ కదులుతోంది!"

"అది కర్టెనండీ."

ఆవిడ మాట వింటే నేను నేనెలా అవుతాను? కవరు జేబులో కుక్కుకుని, ఆటోలో క్యాంపస్‌కి, అక్కణ్ణుంచి పరుగున కెమిస్ట్రీ డిపార్ట్‌మెంటుకి. అక్కడ మా మిత్రుడు యాదగిరి ఉన్నాడు.

"ఏంది సార్, గిట్ల చెమటలు వడుతున్నయ్?"

తలుపు మూసి, గుసగుసగా అంతా చెప్పి, కవరు చేతికిచ్చాను. వేళ్ళ మధ్య నలిపి చూశాడు. బీరువా తీసి, ఒక డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు. అందులోనూ అదే పొడి.

"యాదగిరీ! నువ్వు కూడానా?"

"అయ్యో, గిది క్యారమ్స్ పౌడర్ సార్! బోర్డు మీద చల్లుతం, కాయిన్లు జారనీకి. క్వీనంటె గండ్ల ఎర్ర కాయిన్. లంచ్‌ల మేం రోజూ ఆడుతం కద!"

"మరి ఈ గుండెదడ?"

"గది భయం సార్. పోయి నోరు కడుక్కోండ్రి. ఇంకోసారి గిసొంటియి నాకకుండ్రి," అని కుర్చీలో కూలబడి కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాడు. మధ్యాహ్నానికి మూడు డిపార్ట్‌మెంట్లు నవ్వాయి.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి చైతన్య సోఫాలో కూర్చుని ఉన్నాడు. సుజాత అంతా చెప్పేసినట్టుంది. వాడు మాత్రం నవ్వడం లేదు.

"వారాసిగూడల మా ఫ్రెండ్ వాళ్ళింట్ల ఆడుతున్నం నాన్నా, ట్యూషన్ అయినంక. చదువు పోతదని తిడ్తవని చెప్పలె. కానీ నన్ను అడగొచ్చు కదా?"

వాడు నేలచూపులు చూస్తూ అన్నాడు.

"నిజంగనే ఒకడు అడిగిండు. పోయిన వారం, ట్యూషన్ బయట. సిగరెట్ల ఏదో కలిపిండు, ఒక్క దమ్ము గుంజమన్నడు. వద్దన్న. నీకు చెప్దామని ఇంటికొస్తే నువ్వు ఆ స్పీచ్ రాసుకుంటున్నవ్. 'డిస్టర్బ్ చెయ్యకు' అన్నవ్."

వాడి పక్కన కూర్చున్నాను.

"భయమేసిందా?"

"వేసింది. మళ్ళ అడుగుతడేమో అని ఇంకా వేస్తున్నది."

ఆ క్షణంలో నాకు ఒక్క లక్షణమూ, ఒక్క హెచ్చరికా గుర్తుకు రాలేదు. నోటికొచ్చింది నిజమొక్కటే.

"నన్నూ అడిగార్రా, చదువుకునే రోజుల్లో, హాస్టల్లో తోటివాళ్ళు. నీకున్న ధైర్యం నాకు లేకపోయింది. వాళ్ళు నవ్వుతారని, అదేంటో తెలియకుండానే నోట్లో వేసుకున్నాను. రెండ్రోజులు మంచం దిగలేదు, చచ్చిపోతాననుకున్నాను. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు."

వంటింట్లో గరిటె కింద పడిన చప్పుడైంది. అది సుజాతకూ కొత్త వార్తే.

తర్వాత చాలాసేపు మాట్లాడుకున్నాం. నిజానికి వాడు మాట్లాడాడు, నేను విన్నాను. మర్నాడు ఇద్దరం కలిసి ట్యూషన్ మాస్టారి దగ్గరికెళ్ళి చెప్పాం. ఆ అడిగినవాడి ఇంట్లోవాళ్ళనీ పిలిపించారు. ఆ గొడవ అంతటితో సర్దుకుంది.

తిరిగొస్తుంటే చైతన్య ఉన్నట్టుండి పకపకా నవ్వాడు.

"ఏంట్రా?"

"ఏం లేదు నాన్నా. మనింట్ల ఏందో ఎరగకుండ నోట్ల పెట్టుకున్నది ఒక్కడే మనిషి. అదీ రెండుసార్లు. స్పీచ్ ఇచ్చింది కూడా ఆయనే!"

నడిరోడ్డు మీద, తార్నాక ట్రాఫిక్ సాక్షిగా, కుడిచెయ్యి పైకెత్తి ప్రమాణం చేశాను. ఈ జన్మలో మళ్ళీ కొడుకు బ్యాగు తెరవను, వాడే నోరు తెరిచేదాకా ఓపికపడతాను. ఇక తెల్లగా కనబడే పదార్థమేదైనా, అది మా వంటింటి ఉప్పే అయినా సరే, యాదగిరి చూసి ఊ అననిదే నాలుకకు తాకనివ్వను.