మా అరుగు మీద జర్మనీ పాఠం

ఈ సంగతి ఇన్నేళ్ళూ ఎందుకు రాయలేదంటే నాకు చాలాకాలం రాయడం రాదు గనక. మాస్టారి భార్యనై ఉండి కూడా వేలిముద్ర వేసినదాన్ని నేను. పెళ్ళికి ముందు కూలిపని, పెళ్ళయ్యాక పిల్లలూ గేదెలూ అత్తగారూ, అలా అరవై దాటిపోయాక మా పేటలో పెద్దవాళ్ళకి బడి పెడితే, మనవరాలి వయసు పిల్ల ముందు కూర్చుని అ ఆలు దిద్దాను. వచ్చిన ఆ కాస్త అక్షరాలతో ఇన్నాళ్ళూ కీర్తనలు రాసుకున్నానేగానీ, నా సంగతి నేను రాసుకోవచ్చునన్న ఆలోచనే రాలేదు.

మొన్న మా మనవరాలు ట్రైనింగ్ నుంచి వచ్చింది. నందిగామ వైపు హైస్కూల్లో సోషల్ చెబుతుంది. జర్మనీలో యూదుల్ని కుటుంబాలకి కుటుంబాలుగా చంపేసిన చరిత్రనీ, మనుషుల్ని పుట్టుకనిబట్టి తక్కువ చూడటాన్నీ పిల్లలకి ఎలా చెప్పాలో టీచర్లకి నేర్పారట. గోడ మీద బొమ్మలు వేసి చూపించారట. "నీకిదంతా కొత్తలే అమ్మమ్మా" అంది. నవ్వాను. ఆ పాఠం నేను పాతికేళ్ళు కూడా నిండకముందే విన్నాను, వింటూ కుళ్ళి చచ్చాను కూడా.

అప్పుడు మేం జగ్గయ్యపేటలో ఉండేవాళ్ళం. మా ఆయన ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. పంతొమ్మిదివందల అరవైల్లో ఒక వేసవిలో వారిని నందిగామలో ట్రైనింగుకి పంపారు. అది పూర్తి చేస్తేనే ఉద్యోగం ఖాయం, లేకపోతే మళ్ళీ పొలం పనులే. అక్కడ చెప్పే పెద్దాయన పద్ధతి వేరుగా ఉండేదట. యూదుల కథ చావుల దగ్గర మొదలుపెట్టొద్దు, పక్కవాడి కొట్లో సరుకు కొనొద్దన్న రోజు దగ్గర, వాళ్ళ పిల్లల్ని బళ్ళో వేరే కూర్చోబెట్టిన రోజు దగ్గర మొదలుపెట్టండి అనేవారట. టీచర్లని జంటలుగా విడదీసి, ఒకరు పాఠం చెబితే రెండోవారు పిల్లల్లా కూర్చుని ప్రశ్నలడగాలన్నారు. చివరి వారం అందరి ముందూ ఆ జంటే పాఠం చెప్పి చూపించాలి.

మా ఆయనకి జంటగా వచ్చింది వత్సవాయి పంతులమ్మ.

శనివారం నందిగామ నుంచి ఇద్దరూ ఒకే బస్సులో దిగేవారు. ఆవిడకి వత్సవాయి బస్సు వచ్చేదాకా మా అరుగు మీద పాఠం సాధన. నేను లోపల మిరపకాయలకి తొడిమలు తీస్తూ వినేదాన్ని. యూదులంటే నాకు బైబిల్లో మోషే వెంట నడిచినవాళ్ళే. వాళ్ళని మన కాలంలోనే చంపారని ఆ అరుగు మీదే తెలిసింది. తెలిసి బాధపడ్డానా అంటే, అబద్ధమెందుకు, నా చెవులు ఆ పాఠం మీద లేవు. ఆవిడని మా ఆయన మీరు మీరు అంటారు, నన్నేమో ఏమే. నాతో ఉప్పు తక్కువైందనే మాట తప్ప మాట్లాడని మనిషి, ఆవిడతో గంటసేపు గొంతు మార్చి మార్చి మాట్లాడతారు. ఆవిడ నన్ను వదినగారూ అనేది. ఆ వరసన మా ఆయన అన్నగారవుతారని తెలిసినా నా మనసు కుదుటపడలేదు. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, "ఏమ్మా, మీ ఆయన నేర్పుతున్నాడా, నేర్చుకుంటున్నాడా?" అంటే, కళ్ళు తుడుచుకుని మిరపకాయల ఘాటు అన్నాను.

ఒక శనివారం బస్సు ఆలస్యమైంది. భోజనం వేళయింది. మా అత్తగారు "మీది ఏ పేటమ్మా?" అని అడిగింది. ఆవిడ దాచకుండా చెప్పింది. మేమూ ఊరి చివరివాళ్ళమే, వాళ్ళూ ఊరి చివరివాళ్ళే. ఇద్దరికీ దేవుడు యేసుప్రభువే అయినా ప్రార్థన చేసుకునే గుళ్ళు రెండు, వాళ్ళ పేట మా పేటకన్నా ఒక మెట్టు కిందని మా అత్తగారి నమ్మకం. పెద్ద రైతుల ఇళ్ళ ముందు దోసిలి పట్టి నీళ్ళు తాగిన మనిషే, పంతులమ్మకి అరుగు చివర విస్తరి వేసి, మంచినీళ్ళు పైనుంచి పోసింది. ఆవిడ దోసిలి పట్టి తాగింది. మా ఆయన పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

చెయ్యి కడుక్కుని ఆవిడ మళ్ళీ చాప మీద కూర్చుని, సాధనలో అడిగినట్టే, చిన్నపిల్ల గొంతుతో అడిగింది. "మాస్టారూ, మరి పక్కనున్నవాళ్ళు చూస్తూ ఊరుకున్నారాండీ?"

నా అలకలకీ ఏడుపులకీ ఏనాడూ లొంగని మా ఆయన, ఆ ఒక్క ప్రశ్నకి పుస్తకం మూసేశారు. అత్తగారి పనికి సిగ్గుపడాల్సిన చోట కూడా నాకు కడుపు మండింది. చదువొస్తే ఆడదాని మాటకి ఇంత బలం వస్తుందా అని.

తరవాతి శనివారం ఆవిడ మా ఇంటికి రాలేదు. బస్టాండులోనే కూర్చుందట, పిలిచినా కదల్లేదట, ఇంకొకరిని జంటగా చూసుకోమందట. చివరి వారంలో ఎవరు దొరుకుతారు? మా ఆయన తల పట్టుకున్నారు. నేనెంత కోరుకున్న రోజది! నేనే వెళ్ళి చాప మీద కూర్చుని, చెప్పండి, నేను అడుగుతానన్నాను. పాపం, చెప్పారు. నాకు ఒక్క ప్రశ్న తోచలేదు. "అయిందా?" అన్నాను. ఆయన నవ్వలేదు కూడా, లేచి వెళ్ళిపోయారు.

ఆ వారం పాఠం మాత్రం జరిగింది, ఆ పంతులమ్మతోనే. ఆవిడ అదే ప్రశ్న అందరి ముందూ అడిగితే, మా ఆయన "ఊరుకున్నారు పిల్లలూ, నేనూ ఊరుకున్నాను" అని మా అరుగు సంగతి చెప్పారట. అది నాకు వారే కూర్చోబెట్టి చెప్పారు. అందుక్కూడా ఆవిడ మీద అసూయపడ్డాను. ఇప్పుడు ట్రైనింగుల్లో అందరికీ కాగితం కప్పుల్లో టీ ఇస్తారట, తాగి పారేస్తారు, ఎవరి గ్లాసు ఎవరు ముట్టారన్న గొడవ లేదు. మంచిదే. కానీ మా మనవరాలి జంట టీచరు ఎవరని అడిగితే పేరు గుర్తులేదంది. అంత మంట పెట్టే మనిషి ఎదురుగా కూర్చోకుండా ఆ పాఠం ఎలా వస్తుందో నాకు తెలియదు.

ఆవిడ మళ్ళీ ఎలా వచ్చిందో చెప్పాలి. నాకు ప్రశ్న తోచని ఆ రోజు గడిచి తెల్లవారితే ఆదివారం. మా గుడికి వెళ్ళకుండా, ఇంట్లో చెప్పకుండా, వత్సవాయి బస్సెక్కాను. వాళ్ళ పేట గుళ్ళో ఆరాధన మొదలైపోయింది. నేను గుమ్మంలో నిలబడితే ఆడవాళ్ళందరూ తలలు తిప్పి చూశారు. వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆవిడ నా వంక చూడలేదు, చాప మీద కొంచెం జరిగింది. "వారం మధ్యలో పాఠం ఉందటగా, మీరు రావాలి" అని చెవిలో అన్నాను. "పాట అవనివ్వండి వదినగారూ" అంది, పుస్తకం ఇద్దరి మధ్యా పెట్టి. నాకు అక్షరం ముక్క రాదని ఆవిడకి తెలియదు. పేజీ వైపు చూస్తూ నాకు కంఠతా వచ్చిన చరణం పాడాను. పాట కూడా ఆవిడే బాగా పాడింది.