కొత్త ఇంజను, పాత బ్రేకులు: కర్నూలు నుంచి రాయచోటి దాకా నాన్న అంబాసిడర్‌లో

మా తమ్ముడు రవి ఫోన్ చేసి, "అక్కా, నాయన బండి రెడీ అయింది. ఆదివారం రాయచోటికి పోయి అత్తను పిల్చుకోనొద్దాం, రా" అనడంతో ఈ ప్రయాణం మొదలైంది. నాన్న బండి అంటే తెల్ల అంబాసిడర్. బనగానపల్లెలో మామిడితోటలు గుత్తకు తీసుకుని వ్యాపారం చేసిన మా నాన్న బతికినంతకాలం దాన్నే నడిపాడు. నాకు డ్రైవింగ్ నేర్పింది కూడా అందులోనే, తోటల మధ్య మట్టిదారుల్లో. చివర్లో ఆయనకు చూపు తగ్గితే, సెలవు దొరికినప్పుడల్లా కర్నూలు నుంచి పోయి ఆయన్ను తోటలకు తిప్పింది నేనే. ఆయన పోయాక బండి ఎవరికన్న మాట వచ్చినప్పుడు పెద్దలెవరూ నా వైపు చూడలేదు. "మగపిల్లోడుండాడు గదా" అన్నారు. రవి తాళాలు తీసుకున్నాడు. నాకు ల్యాబులో ఉద్యోగం ఉంది, నా సంసారం నాకుంది, ఒక పాత కారు కోసం తమ్ముడితో కొట్లాడేదేముందని ఊరుకున్నాను.

రవికి కర్నూలులో ప్లాట్ల వ్యాపారం. చేతిలో నాలుగు రాళ్లు ఆడుతున్నాయి, కార్ల పిచ్చి చిన్నప్పటినుంచీ ఉంది. బండి ఏడాదికి పైగా గ్యారేజీలోనే ఉండిపోయింది. ఆదివారం తెల్లవారుతుండగా మా వీధిలోకి వచ్చినప్పుడు ఆ ఆకారాన్ని బట్టి గుర్తుపట్టాను గానీ, చప్పుడు మాత్రం నాకు తెలిసిన చప్పుడు కాదు. పాత ఇంజను తీసేసి, ఈమధ్య వచ్చిన పెద్ద కారు టర్బో డీజిల్ ఇంజను ఎక్కించాడు. స్టీరింగ్ పక్కనుండే గేరు కడ్డీ పోయి, కిందికి ఐదు గేర్ల కడ్డీ వచ్చింది. పవర్ స్టీరింగ్, ఏసీ, వెడల్పాటి టైర్లు, మెరిసే అల్లాయ్ చక్రాలు. ముందర రేసు కార్లలో ఉండేలాంటి రెండు సీట్లు, వాటికి ఎర్రటి బెల్టులు. వెనక సీటుకు తోలు తొడుగు మాత్రం కొత్తది, బెల్టుల్లేవు. తెలుపు పోయి బూడిద రంగు వేసుకుంది.

బండి చుట్టూ ఒకసారి తిరిగి చూశాను. చక్రాల ఊచల సందుల్లోంచి పాత బ్రేకు డ్రమ్ములే కనబడ్డాయి. పాత ఇంజను నిదానానికి సరిపోయే బ్రేకులవి. అప్పట్లోనే ఎంత గట్టిగా తొక్కితే ఎంత దూరంలో ఆగుతుందో నా కాలికి తెలుసు.

"బ్రేకులు మార్చలేదా రవీ?"

"డిస్కులు పెట్టియ్యాల. ముందు ఇంజను సూడక్కా, గాల్లో పోతాది. చక్రాలకే శానా అయిపాయ. బ్రేకులు మల్లా చేపిస్తాలే."

ఐదున్నరకు బయల్దేరాం. ఈ దారిలో పోయేవాళ్లు ఎండాకాలమైతే ఇంకా ముందే కదిలితే మంచిది. ఓర్వకల్లు దగ్గర రాళ్ల గుట్టల మీద వెలుగు పడేటప్పటికి బండి నూరు దాటి పోతోంది. నిజం చెప్పాలంటే బాగానే ఉంది. ఊగడం లేదు, ఏసీ చల్లగా తగులుతోంది, లారీలను దాటడానికి ఊపిరి బిగపట్టాల్సిన పనిలేదు. నంద్యాలలో రోడ్డు పక్క హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిన్నాం. ఇద్దరికీ టీతో కలిపి రెండొందలు కూడా కాలేదు. పొయ్యి దగ్గరున్న వంటాయన గరిటె పట్టుకునే బయటికొచ్చాడు.

"ఏమప్పా, అంబాసిడరేనా ఇది? ఎంత లాగుతాది?"

"నూటనలభై యాడికీ పోదన్నా" అన్నాడు రవి.

"అబ్బా! మా మామకుండె ఇట్లాంటిది. యాభై దాటితే తలుపులు ఊడతాయేమో అన్నట్లుండె" అని ఆయన నవ్వాడు. రవి బండి పక్కన నిలబడి ఆయనచేత ఫోటో తీయించుకున్నాడు. ఫోన్లో పెడుతూ రాసింది నాకు చూపించాడు: "నాయన కలను నిజం చేసినా." నాన్నకు అట్లాంటి కల ఏదీ ఉన్నట్టు నాకు తెలియదు. ఆయన కలలన్నీ కాపు నిలిచిన తోటలే.

ఆళ్లగడ్డ దాటాక, రోడ్డు తిన్నగా ఖాళీగా ఉన్నచోట అడిగాను. "కొంచెంసేపు నేను నడుపుతానురా."

"వద్దులే అక్కా. దీని ఊపు వేరే. నీ చేతికి రాదు."

అంతే. నేను రోజూ కారులోనే ల్యాబుకు పోతాను. మైదుకూరు వచ్చేదాకా కిటికీలోంచి శనగ చేలు చూస్తూ కూర్చున్నాను.

పదింటికల్లా కడప దాటాం. అక్కడి నుంచి రాయచోటికి యాభై కిలోమీటర్లుంటుంది. మధ్యలో గువ్వలచెరువు ఘాట్. కడప వైపు నుంచి పోతే ఎక్కుడు, తిరుగు ప్రయాణంలో దిగుడు. మా చిన్నప్పుడు నాన్న ఈ ఘాట్ సగంలో బండి ఆపి, బానెట్ ఎత్తి, ఆవిరి తగ్గాక నీళ్లు పోసేవాడు. కొత్త ఇంజను మాత్రం మూడో గేరులో పాట పాడుకుంటూ ఎక్కేసింది. పైన గువ్వలచెరువులో వరసగా పాలకోవా అంగళ్లున్నాయి. అత్తకు కోవా కట్టించుకుని పన్నెండు లోపలే రాయచోటి చేరాం.

మా అత్త నాన్నకు ఒక్కతే చెల్లెలు. పేరు సరోజమ్మ. మామ పోయిన తరువాత రాయచోటిలోనే చిన్న ఇంట్లో ఉంటూ జాకెట్లు కుడుతుంది. డెబ్బైకి దగ్గరైనా వీధిలో ఆడవాళ్లంతా ఆమె దగ్గరికే వస్తారు, ఆమె కుట్టిన జాకెట్టు భుజం దగ్గర ముడత పడదని పేరు. మాకోసం సంగటి, నంచుకోను శనక్కాయల ఊరిబిండి, కోడికూర చేసిపెట్టింది. తినేటప్పుడంతా నాన్న కబుర్లే చెప్పింది. కర్నూలులో పది రోజులుండేందుకు సంచి సర్దుకుంది గానీ, వాకిట్లో బండి చూసి వెనక్కి తగ్గింది.

"మీరు పోండిరా. నేను రేపు బస్సులో వస్తా. ఇది ఏందో విమానం మాదిరి ఉండాది."

"నీ అన్న బండి అత్తా! నువ్వు ఎక్కకపోతే ఇంకెవరెక్కాల?" అంటూ రవి ఆమె సంచి తీసుకుని డిక్కీలో పెట్టేశాడు.

అత్త వెనక సీట్లో కూర్చుని ఆ తోలును చేత్తో తడిమింది. "మా అన్న సీటు యాడికి పాయరా?"

"చినిగిపోయిండె అత్తా. పారేసినా."

రెండున్నర దాటాక బయల్దేరాం. గువ్వలచెరువు ఊరు దాటి దిగుడు మొదలయ్యే చోట నేను చెప్పాను. "రవీ, రెండో గేరులో దిగు. బ్రేకు మీద ఆధారపడొద్దు."

"ఇది నాయన నడిపిన బండి కాదక్కా" అన్నాడు. నాలుగో గేరులోనే దిగాడు. మలుపు వచ్చినప్పుడల్లా బ్రేకు తొక్కడం, వదలడం, మళ్లీ తొక్కడం. నాలుగైదు మలుపులు తిరిగేటప్పటికి కాలిన వాసన మొదలైంది. "ఏందిరా, ఏందో కాల్తాంది?" అంది అత్త వెనకనుంచి. "లారీలత్తా" అన్నాడు రవి. మా ముందు లారీ ఏదీ లేదు. "ఆపు, కొంచెంసేపు చల్లారనీ" అన్నాను. ఆపుతానన్నాడు, ఆ తరువాతి మలుపులో. ఆ మలుపులో బ్రేకు తొక్కితే బండి నెమ్మదించలేదు. రవి కాలు పూర్తిగా నేలకు ఆనింది. అతని ముఖంలో రంగు పోవడం చూశాను. అప్పుడు అరిచాను. "గేరు తగ్గించు! కొండకు ఆనించు!"

గేరు మూడులో పడిందో లేదో తెలియదు, ఇంజను మాత్రం గట్టిగా మూలిగింది. రవి స్టీరింగ్‌ను ఎడమవైపు కొండకు తిప్పాడు. చక్రం కాలువలోకి దిగింది, తలుపులు బండరాళ్లను రాసుకుంటూ పోయాయి, చివరికి ముందు భాగం ఒక రాతికట్టును గుద్ది ఆగింది. మమ్మల్నిద్దరినీ ఆ ఎర్ర బెల్టులు సీట్లకు కట్టేసి పట్టుకున్నాయి. అత్తను పట్టుకోవడానికి ఏమీ లేదు. ఆమె వచ్చి నా సీటు వెనక గుద్దుకుని, కుడిచేయి కిందపడి, రెండు సీట్ల మధ్య ఇరుక్కుపోయింది.

వెనకనే దిగుతున్న లారీ ఆగింది. డ్రైవరు, క్లీనరు వచ్చి అత్తను మెల్లగా బయటికి తీసి నీడలో పడుకోబెట్టారు. "ఈ వాసన పైమలుపు కాన్నుంచే కొడతాండాది. గేరులో దిగలేదా అప్పా?" అని అడిగాడు డ్రైవరు. నేను నూటెనిమిదికి ఫోన్ చేశాను. అత్త ఏడవలేదు. "చెయ్యి ఎత్తలేకుండా ఉండానే సుజా" అని మాత్రం రెండుసార్లు అంది.

కడప ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. మణికట్టు రెండుచోట్ల విరిగింది, మోచెయ్యి కీలు నలిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు వేయాలన్నారు. ఆమెను లోపలికి తీసుకెళ్లాక నేను వరండా బెంచీ మీద కూర్చున్నాను. రవి కొంచెం అవతల నిలబడి మా పెదనాన్న కొడుకుతో ఫోన్లో మాట్లాడుతున్నాడు. నాకు వినిపించాలని అనలేదు, వినిపిస్తుందని పట్టించుకోనూ లేదు.

"ఏం లేదన్నా, బాగానే దిగుతాంటిమి. అక్క పక్కన కూచోని ఒకటే అరిసింది. ఆ గాబరాలో స్టీరింగ్ తిప్పేసినా."

లేచి అతని దగ్గరికి పోయాను. "నేను అరిచింది బ్రేకు పోయినాక. ముందు కాదు. ఆ మాట చెప్పు."

రవి ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇప్పుడు అదంతా ఎందుకక్కా? అత్త బాగైతే చాలు గదా."

"అట్లయితే నా పేరెందుకు తీసినావు?"

అతను ఫోన్ చెవికి పెట్టుకుని మెట్ల వైపు నడిచాడు. తరువాత ఆ పెదనాన్న కొడుక్కి నేనే ఫోన్ చేసి జరిగింది చెప్పాను. అంతా విని ఆయన, "సరేలేమ్మా, బండి నడిపేటోళ్ల పక్కన ఆడోళ్లు గమ్మునుండాల" అన్నాడు. ఇంకెవరికీ చెప్పలేదు.

అత్త మా ఇంట్లోనే మూడు నెలలుంది. ఎముక అతుక్కుంది గానీ మణికట్టు పూర్తిగా వంగదు, వేళ్లలో పట్టు లేదు. కత్తెర పట్టుకుంటే జారిపోతుంది. ఒకరోజు నా పాత చీర అంచు కత్తిరించబోయి, రెండు అంగుళాలు పోయాక వంకర తిరిగితే, కత్తెర పక్కన పెట్టి, "ఇంగ నాతో కాదులే" అంది. రవి మీద ఒక్క మాట అనలేదు. "నా రాత" అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఆమె రాతలో ఇది లేదు. బస్సులో వస్తానన్న మనిషి ఆమె.

రవి రెండుసార్లు పండ్లు తీసుకొచ్చి చూసిపోయాడు. రెండోసారి బండి సంగతి అడిగాను. బాగుచేయించకపోయినా ఫరవాలేదు, ఆ డొక్కును నాకిచ్చెయ్యమన్నాను. "యాడుందక్కా అది? తుక్కు కిందికి ఇచ్చేసినా. ముందంతా పాయె గదా. ఇంజనుకు ఏం కాలేదు. అనంతపురం కాడ ఇంకో అంబాసిడర్ దొరికింది, దానికి ఎక్కిస్తాండా" అన్నాడు. చెప్పేటప్పుడు అతని కళ్లు మెరిశాయి. ఫోన్ తీసి కొత్త బండి ఫోటో చూపించబోయాడు. నేను లేచి అత్తకు మాత్రలిచ్చే వేళైందని లోపలికి పోయాను.

పాత బండికి కొత్త ఇంజను వేయడం తప్పని నేననను. ఆ ఘాట్ ఎక్కేటప్పుడు నాకూ గర్వంగానే అనిపించింది. కానీ మావాడు డబ్బు పెట్టినవన్నీ జనం కళ్లకు కనబడేవి, చెవులకు వినబడేవి. కనబడని చోట నాన్న కాలం నాటి అరిగిన సామాను అట్లాగే ఉంచి, దాని మీద ముగ్గురి ప్రాణాలు మోపాడు. మా ఇంట్లో ఎవరి మాట లెక్కలోకి వస్తుందో, ఎవరి మాట అరుపు కిందికి పోతుందో కూడా ఆ ఒక్కరోజులో తేటతెల్లమైంది. తమ్ముడు ఇంటికొస్తే టీ ఇస్తాను. అంతకంటే ఎక్కువ నా చేత కావడం లేదు.

ఈ దారిలో వెళ్లేవాళ్లకు ఒక్కటే చెప్తాను. గువ్వలచెరువు ఘాట్‌ను కడపవైపు దిగేటప్పుడు, ఎక్కడానికి ఏ గేరు వాడారో అదే గేరులో, బండి బరువైనదైతే ఇంకో గేరు తగ్గించి దిగండి, కాలిన వాసన వస్తే మలుపు కోసం చూడకుండా అక్కడే ఓరకు ఆపి అరగంట చల్లారనివ్వండి. ఇంజను మార్పించిన పాత బండిలో ఎవరైనా రమ్మంటే, బ్రేకులు ఎప్పుడు మార్చారో, వెనక సీటుకు బెల్టులున్నాయో లేదో ముందు అడగండి. సూటిగా జవాబు రాకపోతే మీ ఇంటి పెద్దవాళ్ల సంచి ఆ డిక్కీలో పెట్టనివ్వకండి. రాయచోటి నుంచి కడపకు పగలంతా బస్సులున్నాయి.