బాబాయి చెడగొట్టిన చల్లటి టీ

మా బాబాయి ఎవరినో ఒకరిని అడగకుండా ఏ పనీ చెయ్యడు. అడిగే ముందు "తెలియక అడుగుతున్నాను" అంటాడు. ఆ మాట మనమంతా ఎదుటివాణ్ణి దెప్పడానికి వాడుకుంటాం. ఆయన మాత్రం మనస్ఫూర్తిగా వాడతాడు. సెలూన్లో కుర్చీ ఎక్కి, తల ఎటు దువ్వుకుంటే మంచిదని అడుగుతాడు. గొడుగులమ్మే మనిషిని వాన ఎప్పుడు పడుతుందని అడుగుతాడు. డాక్టరు మాత్ర రాసిస్తే, అది కూర్చుని మింగాలా నిలబడి మింగాలా అని వెనక్కి వెళ్లి మరీ అడుగుతాడు.

పిన్నిని మొదటిసారి కలిసినప్పుడు కూడా ఇదే వరస. "తెలియక అడుగుతున్నానండీ, ఇలాంటప్పుడు ఏం మాట్లాడుకుంటారు?" అన్నాడట.

"నాకూ తెలియదండీ" అందట పిన్ని.

అలా కుదిరింది వాళ్లకి.

ఆయన చేసిన పని ఫ్రిజ్‌ల రిపేరు. అక్కడా అంతే. ఫ్రిజ్ వెనక చతికిలబడి, ఇంటావిడ వైపు చూసి "తెలియక అడుగుతున్నానమ్మా, దీనికేమయిందంటావు?" అనేవాడు. "అది తెలిస్తే మిమ్మల్నెందుకు పిలుస్తానండీ?" అని విసుక్కుంటూనే ఆవిడ ఏదో ఒకటి చెప్పేది. "అదన్నమాట సంగతి" అని బాబాయి తల ఊపేవాడు. కాసేపటికి ఫ్రిజ్ గుర్రుమనేది. తను చెప్పబట్టే బాగయిందని ఆవిడ ఇరుగుపొరుగుకి చెప్పుకునేది.

షాపు మూసేసి ఆయన ఇంటిపట్టున కూర్చున్న మొదటి వేసవి అది. నేనప్పుడు ఉద్యోగం కోసం వచ్చి వాళ్లింట్లోనే ఉంటున్నాను. సాయంత్రం మొదలయ్యే ఉద్యోగం కాబట్టి మధ్యాహ్నాలు ఇంట్లోనే పడి ఉండేవాణ్ణి. ఒకరోజు ఎండకి ఫ్యాను గాలి కూడా వేడిగా వస్తుంటే బాబాయి లేచి నిలబడి ప్రకటించాడు.

"ఈ వేసవికి పళ్లు వేసి చల్లటి టీ చేస్తాను."

పిన్ని కత్తిపీట ఆపింది. "మీరా? పొయ్యి ఎటు తిప్పితే వెలుగుతుందో తెలుసా?"

"తెలియదు. అడుగుతాను."

"నన్నడగండి మరి."

"ఇంట్లోవాళ్లని అడిగితే అడిగినట్టుండదే" అని బాబాయి ఎదురింటి తలుపు వైపు చూశాడు.

ఎదుటి వాటాలో పెద్ద టీచరుగారు ఒక్కతే ఉండేది. సైన్సు చెప్పి, తర్వాత హెడ్మిస్ట్రెస్ అయి, ఆ వేసవి సెలవులతోనే రిటైరయింది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆవిడ మెట్లు దిగుతుంటే ఎక్కేవాళ్లు గోడకి అంటుకుపోయేవాళ్లు. ఎవరు ఎదురైనా వాళ్లలో ఒక తప్పు దొరికేది ఆవిడకి. చెప్పులు ఈడ్చకు. చొక్కా గుండీ పెట్టుకో. ఇంటి ఓనరంతటివాడు అద్దె అడగడానికి వచ్చి, గోళ్లు కత్తిరించుకుని మళ్లీ వచ్చాడు.

రిటైరయ్యాక ఆ తలుపు మూతపడింది. పాల ప్యాకెట్టు మధ్యాహ్నం దాకా గుమ్మం బయటే ఎండలో ఉడికేది. ఆవిడ తమ్ముడొచ్చి, ఈ ఇల్లు ఖాళీ చేసి నా దగ్గరికి వచ్చెయ్యమన్నాడు. "ఎక్కడుంటే ఏముందిలే" అందట.

పిన్నికి అదే బెంగ. "ఆవిడ ఇలాగే ఉంటే మనిషి దక్కదు. నిన్న మెట్ల మీద కావాలని చెప్పులు ఈడ్చుకుంటూ నడిచాను. తలెత్తి కూడా చూడలేదు."

అలాంటి తలుపు దగ్గరికి బాబాయి గిన్నె పట్టుకుని వెళ్లాడు. నేను గ్లాసులతో వెనకే. చాలాసేపు కొట్టాక, తలుపు బెత్తెడు తెరుచుకుంది.

"తెలియక అడుగుతున్నాను టీచర్ గారూ, ఈ టీ ఇంత చేదెందుకొచ్చిందంటారు?"

ఆవిడ ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. "ఎంతసేపు మరిగించారు?"

"నిద్ర లేచేదాకానండీ."

"ఎవరు?"

"నేనేనండీ. పొయ్యి మీద పెట్టి కాస్త నడుం వాల్చాను."

"ఆకు మరగకూడదు. నీళ్లు మరిగాక దించి, ఆకు వేసి మూత పెట్టాలి. రంగు దిగగానే వడగట్టాలి" అని ఆవిడ తలుపేసుకుంది.

మర్నాడు చేదు లేదు. తీపీ లేదు. చక్కెరంతా అడుగున ఇసుకలా కూర్చుంది. "చల్లారాక వేస్తే కరుగుతుందా? వేడి మీదే కలపాలి" అంది టీచరుగారు. తలుపు ఈసారి జానెడు తెరుచుకుంది.

ఆ తర్వాత పళ్ల ముక్కల్ని ఆకుతో కలిపి ఉడకబెట్టాడు. గరిటె అందులో నిటారుగా నిలబడింది. "ఇది టీ కాదు, గోడలకి పూసుకునేది" అందావిడ. ఇంకోరోజు పొగలు కక్కే గిన్నెని తిన్నగా ఫ్రిజ్‌లో పెట్టాడు. తీసేసరికి టీ బురదనీళ్లలా మసకబారింది.

"జీవితమంతా ఫ్రిజ్‌లు బాగుచేసిన మనిషి, వేడి గిన్నె ఫ్రిజ్‌లో పెడతారటండీ మెకానిక్ గారూ?"

"ఫ్రిజ్ సంగతి తెలుసండీ. టీ సంగతే తెలియదు."

చెడిపోయినవన్నీ పారబొయ్యడానికి పిన్ని ఒప్పుకునేది కాదు. నేను తాగాను. నా వల్ల కానివి బాల్కనీలో మొక్కకి పోశాను. అది వేసవంతా ఆకులు ముడుచుకుని మాతో మాట్లాడటం మానేసింది.

పైనాపిల్ రోజు మాత్రం మర్చిపోలేను. పైనాపిల్ రసంలో టీ కలిపి, అందులో పాలు పోసి, విరిగి ముక్కలైనదాన్ని బాబాయి రెండు చేతులతో ఎత్తి చూపించాడు.

"పాలెందుకు పోశారు?"

"టీ కదండీ."

టీచరుగారు గుమ్మానికి ఆనుకుని ఒక వింత శబ్దం చేసింది. దగ్గనుకుని నేను మంచినీళ్లకి పరుగెత్తాను. తీసుకొచ్చేసరికి పిన్ని నా చెయ్యి పట్టుకుని ఆపింది. "నవ్వురా అది. పాడు చెయ్యకు."

ఆ తర్వాత ఆవిడ కుర్చీ వరండాలోకి వచ్చింది. పాల ప్యాకెట్టు పొద్దున్నే లోపలికి వెళ్లడం మొదలుపెట్టింది. బాబాయి కాస్త ఆలస్యం చేస్తే "ఏమండీ, ఇవాళ ఏదీ పాడవలేదా?" అని కేక వేసేది.

చివరికి ఒక మధ్యాహ్నం ఆవిడ ఓపిక అయిపోయింది. "తప్పుకోండి" అని చెంగు నడుముకి బిగించి తిన్నగా మా వంటింట్లోకి వచ్చేసింది. పిన్నిని నారింజలు ఒలిచి సగం పిండమంది. నన్ను ద్రాక్ష గింజలు తియ్యమంది. బాబాయిని స్టూలు మీద కూర్చోబెట్టి, చూడమంది. ఆకు రంగు దిగగానే వడగట్టింది. వేడి మీదే చక్కెర కలిపి, పక్కన పెట్టి చల్లారనిచ్చింది. అందులో కొంత టీని ట్రేలో పోసి గడ్డ కట్టించింది. "నీళ్ల మంచు వేస్తే కరిగేకొద్దీ చప్పబడుతుంది. టీ మంచు వేస్తే ఎంత కరిగినా రుచి తగ్గదు. అర్థమయిందా?"

"అయిందండీ" అన్నాం ముగ్గురం.

మంచు గడ్డకట్టాక గ్లాసుల్లోకి వంచింది. సాయంకాలపు ఎండ రంగు. అడుగున నారింజ తొనలు, మధ్యలో ద్రాక్ష. తాగితే ముందు పులుపు, వెనకాల తీపి, గొంతు దిగాక టీ. పిన్ని కళ్లు మూసుకుని తాగింది.

సరిగ్గా అప్పుడే గ్యాసు మావయ్య ఊడిపడ్డాడు. షాపులో బాబాయి భాగస్వామి. ఫ్రిజ్‌లలో గ్యాసు నింపేవాడు కాబట్టి ఆ పేరు. అడక్కుండానే ఒక గ్లాసు అందుకుని, గటగటా తాగి, బాబాయి వీపు మీద చరిచాడు.

"ఏరా, చెయ్యి పడిపోలేదు నీకు. అదే రుచి. అమ్మా, మీకు తెలియదు, వేసవొస్తే వీడు చేసే ఈ టీ కోసం జనం బాగున్న ఫ్రిజ్‌లు కూడా రిపేరుకి తెచ్చేవాళ్లు. మంచు కూడా టీతోనే చేసేవాడు, వెధవ."

బాబాయి గ్లాసులో ద్రాక్షపండుని తదేకంగా చూస్తున్నాడు.

పిన్ని ముందుగా తేరుకుంది. "ఇన్నేళ్లు కాపురం చేశాను. పొయ్యి ఎటు తిప్పాలో తెలియదన్నారే."

"ఇంట్లో పొయ్యి వేరే కదే" అన్నాడు బాబాయి నీరసంగా.

మేమంతా టీచరుగారి వైపు చూడటానికి భయపడుతున్నాం. ఆవిడ నెమ్మదిగా ఒక గుక్క తాగి, గ్లాసు బల్ల మీద పెట్టింది.

"నాకు పైనాపిల్ రోజునే తెలిసింది."

"ఎలాగండీ?" అన్నాడు బాబాయి.

"ఇన్ని తరగతులు చూశాను. నిజంగా రానివాడు రోజూ ఒకే తప్పు చేస్తాడండీ. రోజుకో కొత్త తప్పు చెయ్యాలంటే పాఠమంతా కంఠతా వచ్చి ఉండాలి."

"మరి చెప్పలేదేం?" అంది పిన్ని.

"అంత కష్టపడి తప్పులు చేస్తున్న మనిషిని మధ్యలో ఎలా ఆపుతాను?" అని చెంగు సవరించుకుని ఆవిడ వెళ్లిపోయింది. ఎదుటి తలుపు మూసుకున్న చప్పుడయింది.

ఆ సాయంత్రం గ్యాసు మావయ్యకి పిన్ని ఇంకో గ్లాసు ఇవ్వలేదు. మర్నాడు బాబాయి ఎవరినీ ఏమీ అడగలేదు. చొక్కా ఏది వేసుకోవాలని కూడా అడగలేదు. పిన్ని వెళ్లి ఆయన నుదురు పట్టుకుని చూసింది.

మధ్యాహ్నం తలుపు చప్పుడయింది. గుమ్మంలో టీచరుగారు.

"మెకానిక్ గారూ, తెలియక అడుగుతున్నాను. మా ఫ్రిజ్ చల్లబడటం లేదు. ఎందుకంటారు?"

టీచర్లు తమకు తెలిసినవే అడుగుతారని నాకు తెలుసు. అయినా బాబాయి వెనక సామాన్ల సంచి మోసుకుంటూ వెళ్లాను. ఇల్లు తుడిచి ఉంది. కిటికీ రెక్కలు తీసి ఉన్నాయి. బల్ల మీద జగ్గు, మీద మూత, పక్కన గ్లాసులు. బాబాయి ఫ్రిజ్ వెనక్కి వంగాడు. నేనూ వంగాను. ప్లగ్గు గోడ నుంచి ఊడదీసి ఉంది. వైరు చక్కగా చుట్ట చుట్టి, దారంతో కట్టి ఉంది.

"మా తమ్ముడు సామాను సర్దడానికి వస్తానన్నాడు" అంది టీచరుగారు మా వీపులతో. "ఫ్రిజ్ బాగయ్యేదాకా నేనెక్కడికీ కదిలేది లేదని చెప్పేశాను."

బాబాయి ప్లగ్గుని అలాగే వదిలేసి, చతికిలబడి, సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీశాడు.

"పెద్ద రిపేరే టీచర్ గారూ. వేసవంతా పట్టేట్టుంది."

"పట్టనివ్వండి. తొందరపడి చేసే పనులు నాకు గిట్టవు" అని ఆవిడ గ్లాసులు నింపడం మొదలుపెట్టి, నా వైపు చూసి ఆగింది.

"నువ్వేమిటి, చొక్కా గుండీ పెట్టుకో."

పెట్టుకున్నాను.