పాత కంప్యూటర్ మీద గుడ్డ

పాత ఫాంట్లలో కొట్టిన తెలుగును యూనికోడ్‌లోకి మార్చే చిన్న ప్రోగ్రాం ఒకటి రాసి, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని నెట్‌లో పెట్టాను. దాని బాగోగులు ఏళ్లుగా నేనే చూస్తున్నాను. అది రాసిన పైథాన్ అనే కంప్యూటర్ భాష పాత వెర్షన్‌ను అందరూ వదిలేసినా నేను వదల్లేదు. దానికోసం వేసిన అతుకుల కోడ్ చూస్తే ఒళ్లు మండేది. కానీ కళ్యాణదుర్గంలో పెళ్లికార్డులు వేసే ఒక అన్న దగ్గరున్న కంప్యూటర్‌లో కొత్త వెర్షన్ ఎక్కదు. అందుకే మార్పు చేసిన ప్రతిసారీ ఆయనకు ఫోన్ చేసేవాణ్ణి. ఆయన నడిపి చూసి, "పని చేస్తాండాదప్పా" అనేవాడు. తర్వాత వాన గురించి, శెనక్కాయ పంట గురించి చాలాసేపు మాట్లాడుకునేవాళ్లం.

ఈ ఏడు ఇక నావల్ల కాలేదు. పాత వెర్షన్‌ను ఆపేస్తున్నానని ఫోన్‌లో చెప్పడానికి నోరు రాక, బస్సెక్కి ఆయన అంగడికే వెళ్లాను. బల్ల మీద కొత్త కంప్యూటర్ ఉంది. పాతది మూలన గుడ్డ కప్పుకుని ఉంది.

"ఇదెప్పుడు కొంటివన్నా?"

"శానా దినాలాయ. పనంతా దీంట్లోనే చేస్తాండా."

"మరి పాతది యాల పెట్టుకున్నావు?"

"దాంట్లో నడుస్తాండాదా అని నువ్వు అడుగుతావు కదప్పా. నీకోసరమే పెట్టుకోనుండా."

ఇన్నేళ్ల నా తిప్పలు తలచుకుని గట్టిగా అరవాలనుకున్నాను. నవ్వొచ్చింది. ఇంక ఆ వెర్షన్‌కు సెలవని, పాతది అమ్మేసుకోమని చెప్పాను.

ఆయన నవ్వలేదు. మూలకు పోయి గుడ్డ సర్దుతూ అడిగాడు.

"అట్లయితే ఇంక ఫోన్ చెయ్యవా?"