బ్రాహ్మీ ముహూర్తంలో డీజిల్

2022 మార్చి రెండో వారంలో, జర్మనీలోని డార్మ్‌స్టాట్ దక్షిణపు అంచున ఉన్న ఒక బంకులో నాలుగో నంబరు డీజిల్ పంపును పరీక్షించే పని నాకు అప్పగించారు. అప్పటికి నేను తూనికలు కొలతల కార్యాలయంలో సీనియర్ తనిఖీదారుని. రిటైర్మెంటుకు పది నెలలు మిగిలాయి. కూరగాయల కొట్లోని తక్కెడ నుంచి బంకులోని పంపు దాకా, జనానికి కొలిచి అమ్మే ఏ పరికరమైనా మా సీలు లేకుండా పనిచేయకూడదు. మామూలు తనిఖీ గడువు ప్రకారం జరుగుతుంది. ఫిర్యాదు మీద జరిగే తనిఖీ వేరు. దానికి ఒక మనిషి పేరు రాసి సంతకం పెట్టాలి. పంపు తప్పని తేలితే ఖర్చు బంకు యజమానిది, ఒప్పని తేలితే సంతకం పెట్టినవాడిది. ఈ రెండో మాట చదివాక చాలామంది ఆవేశం చల్లారిపోతుంది.

ఆ రోజుల్లో ఆవేశానికి కొదవ లేదు. కరోనా మొదటి వేసవిలో దాదాపు సగం ధరకు పోసిన డీజిల్ రెండు యూరోలు దాటింది. ఎప్పుడూ పెట్రోలు కన్నా చవకగా ఉండేది కాస్తా దాన్ని మించిపోయింది. ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలై రెండు వారాలైంది. పాత ధరకు కొన్న నూనె ఇంకా బంకు కింద ట్యాంకులో ఉండగానే పైన బోర్డు మీద కొత్త ధర వెలిగేది. జనం బోర్డును తిట్టారు. బోర్డు పలకలేదు. దాంతో పంపును తిట్టడం మొదలుపెట్టారు. మా కార్యాలయానికి ఒక నెలలో వచ్చే ఫిర్యాదులు ఒక రోజులో వచ్చాయి. లీటరు రాత్రికి రాత్రే కుంచించుకుపోయిందని సగం జర్మనీ నమ్మింది.

మన తెలుగువాళ్ళకైతే నమ్మకం కొత్తగా పుట్టాల్సిన పని లేదు, ముందే ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్, డార్మ్‌స్టాట్ ప్రాంతపు మనవాళ్ళ వాట్సాప్ గ్రూపు ఒకటుంది, నేను చదువుతాను గాని రాయను. రెండేళ్ళుగా అందులో కషాయాలు, ఆవిర్లు, దీపాలు, చప్పట్లు సరఫరా అయ్యాయి. దాన్ని నడిపే సత్యప్రసాద్ గారిది కోస్తా. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని ఒక కన్సల్టింగ్ కంపెనీలో పెద్ద ఉద్యోగం. మార్చి మొదట్లో ఆయన ఒక సూత్రం పంపారు: "అందరూ తెల్లవారుజామునే డీజిల్ కొట్టించుకోండి. చల్లదనానికి నూనె చిక్కబడుతుంది, అదే లీటరులో ఎక్కువ సరుకు వస్తుంది. మన పెద్దలు బ్రాహ్మీ ముహూర్తం అని ఊరికే అనలేదండీ." దానికి నమస్కారం బొమ్మలు లెక్కలేనన్ని వచ్చాయి.

ఈ సూత్రాన్ని రెండు వాక్యాల్లో చంపవచ్చు. బంకు ట్యాంకు భూమి లోపల ఉంటుంది, తెల్లవారుజాము చలి అక్కడికి దిగదు. ఒకవేళ దిగినా ఈ దేశంలో పంపు నూనె ఉష్ణోగ్రతను కొలిచి, పదిహేను డిగ్రీల వద్ద ఎంత ఉండేదో లెక్కగట్టి ఆ సంఖ్యనే చూపిస్తుంది. ఆ మాట ప్రతి పంపు మీదా అంకెల కిందే అచ్చు వేసి ఉంటుంది. పీహెచ్‌డీలు చేసినవాళ్ళు ఏళ్ళ తరబడి ఆ వాక్యం ముందు నిలబడి డీజిల్ కొట్టించుకున్నారు. చదవలేదు. మూడో సంగతి కూడా ఉంది. ఇక్కడ ధర రోజుకు ఎన్నోసార్లు మారుతుంది, దాదాపు ఎప్పుడూ పొద్దున ఎక్కువ, సాయంత్రం తక్కువ. అంటే మనవాళ్ళు అలారం పెట్టుకుని లేచి, చలిలో వణుకుతూ వెళ్ళి, రోజు మొత్తంలో అన్నిటికన్నా ఎక్కువ ధర ఇచ్చి వస్తున్నారు. శాస్త్రమూ, సంప్రదాయమూ, జేబూ మూడింటినీ ఒకే ముహూర్తంలో ఓడించడం సామాన్యమైన విద్య కాదు.

ఇక ఫిర్యాదు సంగతి. సంతకం పెట్టినవాడి పేరు యాదగిరి. నల్లగొండ వైపు మనిషి, నలభైకి దగ్గరలో ఉన్నాడు. భార్య సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద వచ్చాడు, పార్సిల్ వ్యాను నడుపుతాడు. పార్సిల్‌కు ఇంత అని కిరాయి, డీజిల్ ఖర్చు తనదే. కనుక ధర పెరిగితే పోయేది అచ్చంగా అతని కష్టమే. సత్యప్రసాద్ గారి సూత్రం నమ్మి ఒక తెల్లవారుజామున నాలుగో పంపు దగ్గర ఖాళీ అయిపోయిన ట్యాంకును మెడ దాకా నింపాడు. పంపు ఎనభై నాలుగు లీటర్లు చూపింది. వ్యాను పుస్తకంలో ట్యాంకు ఎనభై లీటర్లని రాసి ఉంది. అంతే. ఒక చేత్తో పుస్తకం పట్టుకుని, ఇంకో చేతిలోని ఫోను పంపు అంకెల వైపు తిప్పి వీడియో తీశాడు: "అన్నలాలా, ఎనభై పట్టే ట్యాంకుల ఎనభై నాలుగు ఎట్ల వట్టింది? గీ బంకోడు దొంగ. అందరికి పంపుర్రి."

అందరూ పంపారు. సత్యప్రసాద్ గారు "జర్మనీలోనూ దోపిడీ!" అని శీర్షిక తగిలించి మరీ పంపారు. ఫిర్యాదు పత్రం కూడా ఆయనే చక్కటి జర్మన్‌లో రాసి పెట్టారు. సంతకం దగ్గరికి వచ్చేసరికి మాత్రం, బాధితుడే పెడితే బరువుంటుందని సెలవిచ్చారు.

బంకు నడిపేది వెగ్నర్ అనే అరవై ఏళ్ళ మనిషి. వీడియోలో బంకు పేరూ, అద్దం వెనక ఆయన ముఖమూ కనిపించాయి. అందులోని మాటలకు ఎవరో ఆయనకు అర్థం విప్పి చెప్పారు. ఆయన లాయరు చేత యాదగిరికి ఉత్తరం పంపాడు. ఆరోపణ రుజువు చేయాలి, లేదా పరువునష్టం కింద పోలీసు కేసు. యాదగిరికి మూడు వారాల్లో విదేశీయుల కార్యాలయంలో శాశ్వత నివాసం కోసం టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, ఉంది. తొమ్మిది నెలలు ఎదురుచూస్తే దొరికిన టెర్మిన్ అది. ఆ సమయంలో పేరు మీద కేసు ఉంటే ఏమవుతుందో నేను చెప్పలేను, నా శాఖ కాదు. అతనికి మాత్రం నిద్ర లేదు.

తనిఖీ రోజు ఉదయం పదింటికి వెళ్ళాను. గ్రూపులో "మేమంతా మీ వెనకే ఉన్నాం" అని రాసినవాళ్ళు చాలామంది. యాదగిరి వెనక వ్యాను తప్ప ఏమీ లేదు. వ్యాను ముందు నిమ్మకాయా, మిరపకాయలూ వేలాడుతున్నాయి. సత్యప్రసాద్ గారు ఇంటి నుంచే పని చేస్తున్నారట, మీటింగట. మాస్కు గడ్డం కిందికి లాక్కుని యాదగిరి నన్ను తేరిపార చూశాడు.

"సార్, మీరు మనోళ్ళేనా?"

"తెలుగువాణ్ణే. ఈ పూట మాత్రం ఎవరివాణ్ణీ కాదు" అన్నాను.

"అట్లనకు సార్. జర కాయితం మంచిగ రాయుర్రి. నా టెర్మిన్ ఉన్నది."

కాగితం రాసేది నేను కాదు, ఈ డబ్బా అని చూపించాను. ఇరవై లీటర్ల ఉక్కు కొలపాత్ర. పైన సన్నని మెడ, మెడకు గాజు కిటికీ, కిటికీ పక్కన గీతలు. నడిమి గీత అంటే సరిగ్గా ఇరవై. పాత్రను ముందు ఒకసారి డీజిల్‌తో తడిపి, ముప్పై సెకన్లు ఒంపి, రసమట్టం చూసి నిలపాలి. తర్వాత పంపు అంకె ఇరవై చూపేదాకా నింపి, నూనె ఏ గీత దగ్గర ఆగిందో చదవాలి. ఇది పూర్తి వేగంతో ఒకసారి, నెమ్మదిగా ఒకసారి, మళ్ళీ ఒకసారి చేయాలి. వాడుకలో ఉన్న పంపు ఇరవై లీటర్లకు రెండు వందల మిల్లీలీటర్ల దాకా అటూ ఇటూ ఉంటే చట్టం ఒప్పుకుంటుంది. అది దాటితే నేను అక్కడికక్కడే సీలు పీకి పంపు మూసేస్తాను. ఇదంతా ఇద్దరికీ చెప్పాను. వెగ్నర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు, కిటికీనే చూశారు.

నూనె గీత దాటి నలభై మిల్లీలీటర్లు పైన ఆగింది.

యాదగిరి ఎగిరి గంతేశాడు. "గీత దాటింది సార్! దొరికిండు! నేను చెప్పలే? ఎక్కువ గొట్టిండు!"

"దాటింది. పంపు ఇరవై అని చెప్పి ఇరవైకి పైన పోసింది. ఎక్కువ ఎవరికి వచ్చింది?"

కిటికీనీ పంపు అంకెనూ మార్చి మార్చి చూశాడు. "నాకే?"

"నీకే. ఈ బంకాయన ఇన్నాళ్ళూ నీకు ఊరికే పోస్తున్నాడు."

మరో రెండుసార్లు కొలిచాను. అదే ఫలితం. మరి ఎనభై నాలుగు? ట్యాంకు పుస్తకంలో రాసేది సురక్షితంగా నింపాల్సిన మేర మాత్రమే. వేడికి నూనె వ్యాకోచించడానికి పైన ఖాళీ వదులుతారు, పైపు మెడ వేరే ఉంటుంది. గొట్టం తనంతట తాను ఆగే మొదటి క్లిక్కు దగ్గర ఆపకుండా బిందెలో నీళ్ళు నింపినట్టు మెడ దాకా నింపితే నాలుగైదు లీటర్లు ఎక్కువే పడతాయి. ఇదంతా విని యాదగిరి వ్యాను మెట్టు మీద కూలబడ్డాడు. తర్వాత అతను అడిగిన ప్రశ్న నా ఉద్యోగ జీవితంలో నేను జవాబు రాయలేకపోయిన ప్రశ్న.

"లీటరు మంచిదే సార్, ఒప్పుకున్న. మరి నా పైసలు ఏడ వోయినయి?"

నా పత్రంలో పరిమాణానికి గడి ఉంది, ఉష్ణోగ్రతకు ఉంది, సీలు నంబరుకు ఉంది. ధరకు లేదు. ఆ ప్రశ్నను వెగ్నర్‌కు అనువదించి చెప్పాను. ఆయన నవ్వాడు, బాగుండని నవ్వు. ధర తను పెట్టడట. నూనె కంపెనీ ఎక్కడినుంచో తీగ మీద పంపిస్తుంది, తనకూ బోర్డు చూస్తేనే తెలుస్తుంది. లీటరుకు తనకు వచ్చే చిల్లర కమీషను, ధర ఒక యూరో ఉన్నప్పుడూ అంతే, రెండున్నప్పుడూ అంతే. పెరిగింది ఒక్కటే, గల్లా అద్దం మీద పడే ఉమ్మి. అది వారం నుంచి రోజూ తుడుస్తున్నానన్నాడు.

ఉమ్మిన డ్రైవర్లలో తెలుగువాళ్ళు లేరనుకుంటాను. మనం ఉమ్మము, ఫార్వర్డ్ చేస్తాం.

వెగ్నర్ ఒక షరతు పెట్టాడు. మొదటి వీడియో పంపిన చోటికే, ఇదే పంపు దగ్గర నిలబడి రెండో వీడియో పంపాలి. అలా చేస్తే లాయరు ఉత్తరం వెనక్కి తీసుకుంటాడు. యాదగిరి సాకులు వెతకలేదు. మాస్కు తీసి, గొంతు సవరించుకుని చెప్పాడు: "అన్నలాలా, నేను తప్పు జెప్పిన. బంకాయన మంచోడు. పంపు ఇరవై లీటర్లకు నలభై మిల్లీలీటర్లు మనకే ఎక్కువ పోస్తుంది. సర్కారు సారు కొలిచి చూపెట్టిండు. నన్ను మాఫ్ చేయుర్రి." ఆ గ్రూపులో తన తప్పు తన నోటితో ఒప్పుకున్న మనిషిని నేను మొదటిసారి చూశాను. అతను ఇంజనీరు కాదు.

ఎక్కువ పోస్తున్నానని తెలిశాక వెగ్నర్ ఊరుకుంటాడా? ఆ మధ్యాహ్నమే లైసెన్సు ఉన్న మరమ్మతు మెకానిక్‌ను పిలిపించి పంపును సున్నా తేడాకు సరిచేయించాడు. నియమం ప్రకారం మళ్ళీ కొలిచి కొత్త సీలు వేశాను. ఆ సంగతి ఏ వీడియోలోనూ లేదు.

మర్నాడు పొద్దున ఏడుకు వెగ్నర్ నుంచి ఫోను. దయచేసి వెంటనే రమ్మన్నాడు. వెళ్ళేసరికి నాలుగో పంపు ముందు కార్లు రోడ్డు దాకా బారులు తీరాయి. మిగతా డీజిల్ పంపులు ఖాళీ. వరసలో అందరూ మనవాళ్ళే. బోర్డు మీద ఆ రోజు మొత్తంలోకి పెద్ద ధర. ఊరికే వచ్చే నలభై మిల్లీలీటర్ల కోసం, అవీ లేని పంపు దగ్గర, గంట ముందు నుంచి హీటర్ కోసం ఇంజన్లు ఆపకుండా నిలబడ్డారు. గంటకు ఎంత డీజిల్ కాలుతుందో చెబుదామనుకున్నాను కానీ, అది కూడా నా శాఖ కాదు.

వరసలో మొదటివారు సత్యప్రసాద్ గారు. ఆయన కారు కంపెనీది, డీజిల్ కార్డు కూడా కంపెనీదే. ధర రెండైనా ఇరవైయైనా ఆయన జేబులోంచి సెంటు పోదు. అయినా ఇంటి నుంచి ఇరవై లీటర్ల ప్లాస్టిక్ డబ్బా తెచ్చి, అందులో ఇరవై లీటర్లు కొట్టించి, దాని మీది అచ్చు గీతను వేలితో చూపిస్తూ నా దగ్గరికి వచ్చారు.

"ఏవండీ, మీరేగా నిన్న కొలిచింది? గీత దాటట్లేదండీ. ఆ నలభై మిల్లీలీటర్లు ఏమయ్యాయి? నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఎవరు కాజేశారు?"

పంపు సరిచేయించారని చెప్పాను. ఆయన ముఖంలో రుజువు దొరికిన ఆనందం వెలిగింది. "చూశారా, మన ఫిర్యాదు తర్వాతే తగ్గించారు! ఇది కక్ష కాదాండీ?"

నేను సంచిలోంచి ఫిర్యాదు పత్రం తీసి, పెన్ను మూత తీసి ఇచ్చాను. సంతకం ఎక్కడ పెట్టాలో, ఖర్చు ఎవరిదో రాసిన వాక్యం ఎక్కడుందో చూపించాను. ఆయన శ్రద్ధగా చదివారు. బహుశా ఆ బంకులో ఆయన పూర్తిగా చదివిన మొదటి జర్మన్ వాక్యం అదే. తర్వాత మీటింగు గుర్తొచ్చింది. డబ్బా కూడా మర్చిపోయి వెళ్ళిపోయారు.

యాదగిరి ఆ వరసలో లేడు. సాయంత్రం ఏడు దాటాక, ధర తగ్గినప్పుడు వచ్చి మొదటి క్లిక్కు దగ్గరే ఆపుతున్నాడని తర్వాత వెగ్నర్ చెప్పాడు. లాయరు ఉత్తరం వెనక్కి వెళ్ళింది, తనిఖీ ఖర్చు మాత్రం నియమం ప్రకారం యాదగిరే కట్టాడు. టెర్మిన్‌లో కార్డు వచ్చింది. వ్యాను ముందు నిమ్మకాయ మాత్రం ఇంకా ఉందట. అన్నిటినీ ఒక్క తనిఖీలో సరిచేసే అధికారం చట్టం నాకు ఇవ్వలేదు.

ముప్పై ఏళ్ళు పంపులు కొలిచిన నాకు ఆ రెండు రోజులు నేర్పింది ఇది. ధర బోర్డు ఎత్తైన స్తంభం మీద ఉంటుంది, పంపు గొట్టం నడుము ఎత్తులో ఉంటుంది. మనిషి కోపం చేతికందే ఎత్తులో ఉన్నదాన్నే పట్టుకుంటుంది. లీటరును కొలవడానికి చట్టం ఉంది, పాత్ర ఉంది, నాలాంటి జీతగాడు ఉన్నాడు. ధరను కొలిచే పాత్ర నా బండిలో ఎప్పుడూ లేదు. యాదగిరి ప్రశ్నకు జవాబు ఆ స్తంభం పైన ఉంది. అక్కడికి నిచ్చెన వేయమని సంతకం పెట్టి అడిగినవాడు నా ఉద్యోగంలో ఒక్కడూ తగల్లేదు.