సేపల తట్టలో తడిసిపోయిన కాగితం

నాకు రాయడం సరిగ్గా రాదండి. అయిదో తరగతి సగంలో మానీసి మాయమ్మెనకాల సేపల తట్ట ఎత్తినాను. ఒత్తులూ దీర్గాలూ ఎక్కడ పెట్టాలో తెలీదు. ముందే సెప్పీసినాను, నవ్వకండి. నా కూతురే రాయమంది. మాటాడినట్టే రాయే అమ్మా అంది.

తొలి కానుపుకి నా కూతురు మా ఇంటికొచ్చింది. మాది శ్రీకూర్మం అవతల సముద్రం ఒడ్డు. అల్లుడికి గరివిడి ఫేక్టరీలో పని. ఆస్పత్రి శ్రీకాకుళంలో. తెల్లారకుండానే రేవుకాడ సేపలు కొనాల, టౌనులో తిరిగి అమ్మాల, మద్దినేల ఇంటికొచ్చి కడుపుతో ఉన్న నా గుంటకి ఒండిపెట్టాల. కాళ్లు నాయి కావనిపించీది.

ఎనిమిదో నెల్లో డాక్టరమ్మ నా కూతురికీ, ఆరోజు వచ్చిన అల్లుడికీ ఏదో సెప్పింది. నాను బయట బల్ల మీద సంచులు కాసుకుని కూకున్నాను. తిరిగొచ్చినప్పుడు ఆటోలో అల్లుడు సెప్పినాడు.

"అత్తా, బిడ్డ బొడ్డుతాడులో రత్తం ఉంటాదట. కంపినీవోలు ఏళ్లకేళ్లు దాసి ఉంచుతారట."

"ఒరే బాబూ, రెండ్రోజులు ఐసులో ఉన్న సేపనే ఎవులూ కొనరు. రత్తం ఏళ్లకేళ్లు ఉంటాదేటి?"

అల్లుడు నవ్వినాడు. నా కూతురు నవ్వలేదు.

"దాసొద్దు. దానం ఇచ్చీద్దాం. రత్తం జబ్బున్న పిల్లలకి పనికొస్తాదట. మన బిడ్డకి దాంతో అవసరం పడ్డం శానా అరుదని డాక్టరమ్మే సెప్పింది కదా. అమ్మా, సిన్నప్పుడు నాకు జొరమొచ్చి రత్తం పడిపోతే ఎవులిచ్చినారు? దారినిపోయే ఆటో ఆయన కాదేటి? ఆయనకి మనం మంచినీళ్లయినా ఇచ్చినామా?"

నిజిమే. ఇవ్వలేదు. అల్లుడు కూడా సరే, నీ ఇష్టం అనీసినాడు.

నా బెంగ ఏరే. మాలో బొడ్డు ఊడిపోతే దాన్ని తాయెత్తులో పెట్టి బిడ్డ మొలతాడుకి కడతాం. నా కూతురిది ఇప్పటికీ నా పెట్టెలో ఉన్నాది. బొడ్డుతాడు ఆస్పత్రోలు పట్టుకుపోతే నాను బిడ్డకి ఏటి కట్టాలి? ఆ మాట ఎవుల్నీ అడగలేదు. సదువుకున్నోల ముందు అడగడానికి సిగ్గేసింది.

నా కూతురు దానానికి ఒప్పుకున్నట్టు కాగితం నింపి సంతకం పెట్టి, "టౌనుకెల్తన్నావు కదా, నర్సమ్మకి ఇచ్చీయే. నొప్పులు రాకముందే అందాలట" అంది. తట్టలో గోనిపట్టా కింద పెట్టినాను. ఆస్పత్రి ముందునించే నడిసినాను. లోపలికి ఎల్లలేదు. ఇంటికొచ్చి సూస్తే ఐసునీల్లకి తడిసి అచ్చరాలు కారిపోనాయి. పొయ్యిలో పెట్టీసినాను.

"ఇచ్చీసినావా?"

"ఇచ్చీసినాను."

నొప్పులొచ్చిన రోజు నర్సమ్మ నా కూతుర్నే అడిగింది, ఆ కాగితం ఇవ్వనేలేదేటమ్మా అని. ఇప్పుడు సంతకం పెడతానంది నా కూతురు. నొప్పుల్లో ఉన్నోల సంతకం తీసుకోకూడదట. అప్పుడు నా కూతురు నాకేసి సూసింది. నాను తలొంచుకున్నాను.

ఆడపిల్ల పుట్టింది. నర్సమ్మ పిల్లని నా సేతికిచ్చింది. పిల్ల పొట్టమీద బొడ్డు ముక్క, దానికి క్లిప్పు.

"ఇది మీరు పట్టుకుపోరేటమ్మా?" అన్నాను.

"ఇదెందుకు మామ్మా? ఇది బిడ్డదే, ఎండి ఊడిపోద్ది. మేం అడిగింది అదిగో, ఆ మాయకాడ తాడులో మిగిలిపోయిన రత్తం" అని పసుపు కవరు సూపించింది. పారీడానికి మూతి కట్టేస్తన్నారు.

పిల్లని ఎత్తుకుని ఆ కవరు ఎనకాలే గుమ్మందాకా ఎల్లినాను.

తొమ్మిదోరోజు బొడ్డు ఊడింది. తాయెత్తులో పెడతా, నా కూతురికి అంతా సెప్పీసినాను, పొయ్యి సంగతితో సహా. నా కూతురు కళ్లు మూసుకుని పాలిస్తంది. నిద్దర్లేక మొకం పీక్కుపోయింది.

"ఒక్కమాట అడిగుంటే సెప్పీదాన్ని కదే అమ్మా" అంది. పిల్లని ఇంకో పక్కకి మార్చుకుని, "కట్టీయి. ఎవులి పిల్లకో అందాల్సింది పోనాది. నీలాగే అనుకునీవోలు ఇంకా ఉంటారు. ఆలకి తెలిసేటట్టు రాయి" అంది.

అందుకే రాసినాను. నాలుగు రోజులు పట్టింది, సేతి ఏళ్లు నొప్పెడతన్నాయి. మీకు సందేగముంటే సిగ్గుపడకుండా అడగండి. రాతలో తప్పులుంటే సెమించండి బాబూ, ఇంతకన్నా రాదు నాకు.